సంతకం ఒకరిది, పూచీ ఎవరిది?

భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ 1949 జులై 1న ప్రత్యేక చట్టంతో పుట్టింది. వృత్తిలో ఉన్నవాళ్లు దాన్ని ఇన్‌స్టిట్యూట్ అంటారు. దానికి పైన కేంద్ర ప్రభుత్వం ఉంది, 2018 అక్టోబరు నుంచి పక్కన ఆడిట్ నియంత్రణ సంస్థ ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ ఉంది. ఇవి కాక న్యూయార్క్ కేంద్రంగా నడిచే అంతర్జాతీయ అకౌంటెంట్ల సమాఖ్య, ఐఫాక్, మరొకటి. దాని సభ్యత్వం ఊరికే రాదు, వచ్చాక ఊరికే నిలవదు. షరతులు ఏడు. వాటిని ఎంతవరకు పాటిస్తున్నదీ ఇన్‌స్టిట్యూట్ రాసివ్వాలి, అది నలుగురికీ కనబడేలా అచ్చుకావాలి. ఆ పాటింపు పనిలో ఉందా, కాగితం మీదే ఉందా అన్నదే ఇక్కడి తగువు.

వాదించుకునేవాళ్లు ఇద్దరు. గుంటూరులో చాలాకాలంగా ప్రాక్టీసు చేస్తూ, ఒకప్పుడు ఇన్‌స్టిట్యూట్ వ్యవహారాల్లో తిరిగిన ప్రిన్సిపల్ ఒకరు. ఆయన దగ్గరే ఆర్టికల్‌షిప్ అనే శిక్షణ చేసి, ఇప్పుడు గచ్చిబౌలిలో కూర్చుని ఇంగ్లండ్ కంపెనీల ఆడిట్ ఫైళ్లు చూసే శిష్యురాలు రెండోవారు. మనుషులు కల్పితం. మాటలు మాత్రం ఈ వృత్తిలో రోజూ వినబడేవే. నా మొగ్గు ఎటో చదువుతుంటే తెలిసిపోతుంది, దాచడానికి పెద్దగా ప్రయత్నించలేదు.

ప్రిన్సిపల్: 1977 అక్టోబరు 7, మ్యూనిక్. 51 దేశాల నుంచి 63 సంస్థలు కలిసి ఐఫాక్‌ను నిలబెట్టాయి. అందులో మనదొకటి. 2022 నవంబరులో ప్రపంచ అకౌంటెంట్ల మహాసభ ముంబయిలో మన ఆతిథ్యంలోనే జరిగింది. పునాది వేసినవాళ్లనే పట్టుకుని మీరు రూల్సు పాటిస్తున్నారా అని అడుగుతావేంటమ్మా?

శిష్యురాలు: పునాది వేసినవాళ్లనే ముందు అడగాలి కదా సార్. మ్యూనిక్‌లో సంతకం పెట్టినప్పుడు ఈ షరతులు లేవు. అవి 2004లో వచ్చాయి, 2012లో మార్చి రాశారు. పాత సభ్యులకైనా కొత్త సభ్యులకైనా కొలత ఒకటే.

ప్రిన్సిపల్: ఆ కొలతకు మనం ఎక్కడ తగ్గాం? చూసుకుందాం. ఆడిట్ నాణ్యత మీద పర్యవేక్షణ ఉండాలన్నారు, ఒక సభ్యుడి పనిని ఇంకో సభ్యుడు తనిఖీ చేసే పీర్ రివ్యూకు బోర్డు 2002లోనే పెట్టాం. అభ్యర్థులకు చదువు, సభ్యులకు నిరంతర శిక్షణ ఉండాలన్నారు, రెండూ ఉన్నాయి. అంతర్జాతీయ ఆడిటింగ్ ప్రమాణాలు తెచ్చుకోమన్నారు, మన ఆడిటింగ్ ప్రమాణాలైన ఎస్ఏలకు నంబర్లు కూడా వాళ్లవే. అక్కడ ఐఎస్ఏ 505, ఇక్కడ ఎస్ఏ 505. నైతిక నియమావళి 2019లో కొత్తది వేసి 2020 జులై నుంచి అమలు చేశాం. క్రమశిక్షణకు చట్టమే ఉంది. కంపెనీల లెక్కలకు అంతర్జాతీయ ప్రమాణాల మీద రాసిన ఇండ్‌ఏఎస్ 2016 ఏప్రిల్ నుంచి నడుస్తోంది. ఎన్నయ్యాయి?

శిష్యురాలు: ఆరు. ప్రభుత్వ లెక్కల సంగతి దాటేశారు.

ప్రిన్సిపల్: అది మన చేతిలో లేదు. ప్రభుత్వాలు ఇప్పటికీ ప్రధానంగా నగదు పద్ధతిలోనే లెక్కలు రాస్తున్నాయి. బిల్లు ఎప్పుడు పుట్టిందన్నది కాదు, డబ్బు ఎప్పుడు కదిలిందన్నదే వాళ్లకు లెక్క. కాగ్ 2002లో వేసిన సలహా మండలి ప్రమాణాలు తయారుచేస్తూనే ఉంది. మన వంతుగా స్థానిక సంస్థలకు విడిగా ప్రమాణాలు రాసిచ్చాం. అంతకు మించి ఇన్‌స్టిట్యూట్ ఏం చేస్తుంది, ట్రెజరీ ముందు ధర్నా చేస్తుందా?

శిష్యురాలు: చేయక్కర్లేదు, ఐఫాక్ కూడా చేయమనదు. నాకు నచ్చనిది సరిగ్గా అదే. ప్రతి షరతుకూ మూడు గడులు పెట్టారు. ఈ పని పూర్తిగా మీదేనా, ఇంకొకరితో కలిసి మీదా, అసలు మీది కాదా? మీది కాదంటే, ఆ పని ఎవరిదో వాళ్లను ప్రోత్సహిస్తున్నామని రాస్తే షరతు తీరినట్టే. ఇంకొకరితో కలిసి మీదంటే తిలాపాపం తలా పిడికెడు. ఎప్పుడు ఏ గడిలోకి జరగాలో తెలిసినవాళ్లకు ఇబ్బందే లేదు.

ప్రిన్సిపల్: ఆ గడులు తప్పించుకోవడానికి పెట్టినవి కావు. కంపెనీల చట్టం సెక్షన్ 133 తీసి చూడు. అకౌంటింగ్ ప్రమాణాన్ని ఇన్‌స్టిట్యూట్ సిఫారసు చేస్తుంది, ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ పరిశీలిస్తుంది, కేంద్రం నోటిఫై చేస్తుంది. కలం మనది, గెజిట్టు వాళ్లది. 2012కు ముందు వృత్తి సంస్థ శాయశక్తులా ప్రయత్నించాలి అని మాత్రమే ఉండేది. దాని కింద ఎవరేం చేసినా ప్రయత్నమే అనిపించుకునేది. గడులు వచ్చాకే ఎవరి వంతు ఎంతో రాసి చూపించాల్సి వచ్చింది.

శిష్యురాలు: సరే. ఇండ్‌ఏఎస్‌నే తీసుకుందాం. అంతర్జాతీయ ప్రమాణాన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకోలేదు, అక్కడక్కడ కోసేశాం. ఇండ్‌ఏఎస్ 40 చూడండి. పెట్టుబడి కోసం ఉంచుకున్న స్థలాన్ని మార్కెట్ ధరకు చూపించే వీలు అక్కడుంది, మనం తీసేశాం. కొన్న ఖరీదుకే ఉంచు, మార్కెట్ ధర నోట్స్‌లో రాయి అన్నాం.

ప్రిన్సిపల్: మంచి పని చేశాం. నీది గుంటూరే కదా! రాజధాని ప్రకటన వచ్చాక తుళ్లూరు చుట్టుపక్కల ఎకరం ధర ఎలా లేచిందో, 2019 తర్వాత ఎలా కూలబడిందో నీ కళ్లతో చూశావు. అక్కడ స్థలం కొని అట్టేపెట్టుకున్న ఒక కంపెనీ ఉందనుకో. లేచిన ఏడాది ఆ పెరుగుదలంతా లాభం, కూలిన ఏడాది నష్టం. నడుమ ఒక గుంట అమ్మింది లేదు. ఆ లాభం చూసి షేరు కొన్నవాడి గతేంటి? లండన్‌లో ధరను సర్దిచెప్పే మార్కెట్ ఉండొచ్చు. మన దగ్గర రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, చేతులు మారే డబ్బు ఇంకొకటి. ఏ ధర మీద నమ్మకం పెట్టుకోమంటావు?

శిష్యురాలు: ఈ వాదన నేను ఒప్పుకుంటాను సార్. ఇక్కడ కోయడానికి కారణం ఉంది, ఆ కారణం రాసి ఉంది, ఆ ధర నోట్స్‌లో దొరుకుతుంది కూడా. బ్యాంకులను ఇండ్‌ఏఎస్‌లోకి తేవడాన్ని రిజర్వ్ బ్యాంక్ 2019లో వాయిదా వేసిందంటే అదీ ఇన్‌స్టిట్యూట్ తప్పు కాదు. నా గొడవ లెక్కల ప్రమాణాల మీద కాదు. ప్రమాణం ఉండి కూడా అది ఎవరినీ ఆపలేకపోయిన చోట.

ప్రిన్సిపల్: సత్యం అంటావు.

శిష్యురాలు: హైదరాబాద్‌లో కూర్చుని ఇంకేం అంటాను? 2009 జనవరి 7న సత్యం కంపెనీ అధినేత రామలింగరాజు లేఖ. 2008 సెప్టెంబరు 30 నాటికి పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనే లేవని ఆయనే రాశారు. స్టాకు కాదు, గోడౌన్లో దాచిపెట్టారు అనుకోవడానికి. బ్యాంకులో డబ్బు. ఒక్క ఉత్తరంతో తేలిపోయే విషయం.

ప్రిన్సిపల్: ఆ ఉత్తరం ఎలా పంపాలో నీకు నేర్పింది ఎవరు?

శిష్యురాలు: మీరే. క్లయింట్ లెటర్‌హెడ్ మీద అడగాలి, పోస్టు మాత్రం మనమే చేయాలి. లోపల పెట్టే తిరుగు కవరు మీద మన ఆఫీసు అడ్రసే ఉండాలి. జవాబు క్లయింట్ అకౌంటెంట్ చేతిమీదుగా వస్తే అది జవాబే కాదు, మళ్లీ పంపమనేవారు. డిపాజిట్ నంబరు, అసలు, గడువు తేదీ, దాని మీద అప్పు తీసుకున్నారా, ఈ నాలుగూ మేనేజరు చేతిరాతలో ఉంటే తప్ప ఫైల్లో పెట్టనిచ్చేవారు కాదు. ఒకసారి రసీదు జిరాక్స్ పెట్టానని నా చేతే మూడు బ్యాంకుల చుట్టూ తిప్పించారు.

ప్రిన్సిపల్: మరి?

శిష్యురాలు: మరి సత్యంలో జరిగింది దానికి సరిగ్గా తలకిందులు. ఉత్తరాలు పంపడం, జవాబులు తెచ్చివ్వడం కంపెనీవాళ్లకే వదిలేశారని అమెరికా ఆడిట్ నియంత్రణ సంస్థ పీసీఏఓబీ తేల్చింది. ఈ ఉత్తరాల గురించే ఉన్న, ఇప్పుడు ఎస్ఏ 505 అంటున్న ప్రమాణాన్ని అప్పట్లో ఏఏఎస్ 30 అనేవాళ్లం. అంతర్జాతీయ ప్రమాణానికి తగ్గట్టుగానే రాశాం. అంటే సభ్యత్వ షరతుల పట్టికలో మనకు ఆ గడి నిండే ఉంది. ప్రమాణం అమల్లో ఉంది, ఆడిట్ రిపోర్టు మీద సంతకం ఉంది, బ్యాంకులో డబ్బు లేదు. ఐఫాక్ షరతు మొదటి సంగతి అడుగుతుంది. మదుపుదారుకు కావలసింది మూడోది.

(ఇక్కడ నా మాట ఒకటి. ఈ ఒక్క వాదనతో శిష్యురాలు గెలిచిందని చాలామంది అనుకుంటారు. ప్రిన్సిపల్ జవాబు దీనికన్నా గట్టిది.)

ప్రిన్సిపల్: ప్రమాణం పుస్తకంలో ఉంటే దొంగతనాలు ఆగిపోతాయని ఎవరూ అనలేదు. అది పట్టుబడ్డాక పనికొస్తుంది. కంపెనీని నమ్మి సంతకం పెట్టాను, మోసపోయాను అని ఆడిటర్ అంటే ఏం చేస్తావు? లోకంలో అందరూ మోసపోతారు. నువ్వు మోసపోవడం కాదు, చేయాల్సిన పని చేయలేదు అని అనాలంటే, ఆ పని ఇదీ అని ముందే రాసి ఉండాలి. పీసీఏఓబీ 2011 ఏప్రిల్‌లో సత్యం ఆడిట్ చేసిన సంస్థలకు 15 లక్షల డాలర్ల జరిమానా వేసింది, అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 60 లక్షల డాలర్లు వేసింది. దేని ఆధారంగా? ఉత్తరం నువ్వే పంపాలి అన్న రూలు ఆధారంగా. 2015లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు శిక్ష వేసినవాళ్లలో ఆడిటర్లూ ఉన్నారు. రాసిన ప్రమాణం లేకపోతే వాళ్లది అజాగ్రత్త అయ్యేది. ప్రమాణం ఉంది కాబట్టి దుష్ప్రవర్తన అయింది.

శిష్యురాలు: మీరు చెప్పిన తేదీలే మళ్లీ చదవండి సార్. మోసం హైదరాబాద్‌లో, ముందు తీర్పు వాషింగ్టన్‌లో. ఇక సెబీ కథ. 2018 జనవరిలో ఆ ఆడిట్ నెట్‌వర్క్ సంస్థలు రెండేళ్లు లిస్టెడ్ కంపెనీల ఆడిట్ చేయకూడదంది. 2019 సెప్టెంబరులో, సెబీ ఉత్తర్వుల మీద అప్పీళ్లు వినే శాట్ ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఆడిట్ నాణ్యతను తూచే అధికారం సెబీకి లేదు, అది ఇన్‌స్టిట్యూట్‌దే అని. సరే, మరి ఇన్‌స్టిట్యూట్‌కు అప్పటి చట్టంలో ఏం అధికారం ఉంది? సంతకం పెట్టిన సభ్యుణ్ని శిక్షించొచ్చు. సంస్థను కాదు. వ్యక్తికి గరిష్ఠ జరిమానా 5 లక్షలు. కుంభకోణం చూస్తే వేల కోట్లు. కావాలంటే పేరు రిజిస్టర్లోంచి తీసేయొచ్చు. సంస్థ మాత్రం వేరే భాగస్వామి చేత సంతకం పెట్టించుకుని మర్నాడు పనిలోకి దిగొచ్చు. విచారణ, క్రమశిక్షణ అన్న షరతు కింద మనం అన్నాళ్లూ ఏం రాసిచ్చినట్టు?

ప్రిన్సిపల్: ఉన్నది రాసిచ్చాం. సంస్థల మీద చర్యకు అధికారం ఇవ్వమని ప్రభుత్వాన్ని అడిగాం.

శిష్యురాలు: ప్రభుత్వం ఏం చేసింది? అధికారం మీకివ్వలేదు, పక్కన ఇంకొక సంస్థ పెట్టింది. కంపెనీల చట్టం సెక్షన్ 132. ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ సంస్థకైతే తీసుకున్న ఫీజుకు పది రెట్ల దాకా జరిమానా వేయొచ్చు, ఆరు నెలల నుంచి పదేళ్ల దాకా పక్కన పెట్టొచ్చు. లిస్టెడ్ కంపెనీలు, పెద్ద కంపెనీలు దాని పరిధిలోకి పోయాయి. ఆ రోజు మన బ్రాంచిల్లో ఎంత గోల జరిగిందో నాకు గుర్తే.

ప్రిన్సిపల్: గోల ఎందుకు చేయం? కొడుకు తప్పు చేశాడని ఇల్లే వేరేవాళ్ల పేర రాసిచ్చేస్తారా? నాణ్యత పర్యవేక్షణకు క్వాలిటీ రివ్యూ బోర్డు అప్పటికే ఉంది. 2006 సవరణతో మన చట్టం సెక్షన్ 28ఏ కింద వచ్చింది. ఛైర్మన్ కాక పదిమంది, అందులో ఐదుగురు కేంద్రం మనుషులు. దాన్నే బలపరిచి ఉండాల్సింది.

శిష్యురాలు: మిగతా ఐదుగురు కౌన్సిల్ మనుషులు. ఆ కౌన్సిల్లో 32 మంది సభ్యుల ఓట్లతో గెలిచినవాళ్లు. రేపు నా ఓటు కావాల్సిన మనిషి ఇవాళ నా ఫైల్లో తప్పు పడతాడా అన్నది నా ఒక్కదాని అనుమానం కాదు. ప్రపంచమంతా ఈ దోవలోనే పోయింది సార్. నేను చూసే ఇంగ్లండ్ ఫైళ్లకు వృత్తి సంస్థ వేరు, నియంత్రణ సంస్థ ఎఫ్ఆర్‌సీ వేరు. పెద్ద ఆడిట్ సంస్థల తనిఖీ ఫలితాలు ఎఫ్ఆర్‌సీ పేర్లతో సహా అచ్చేస్తుంది. ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ కూడా 2023 చివర్లో అదే పని మొదలుపెట్టింది. మన పీర్ రివ్యూలో చివరికి బయటికొచ్చేది ఒక సర్టిఫికెట్. లోపల రివ్యూయర్ ఏం చూశాడో, ఏం రాశాడో గోడకు తగిలించిన ఆ కాగితంలో ఉండదు.

ప్రిన్సిపల్: లోపల ఏం జరుగుతుందో నేను చెబుతాను, విను. నా ఆఫీసుకు వచ్చిన రివ్యూయర్ మొట్టమొదట అడిగింది ఎంగేజ్‌మెంట్ లెటర్. తర్వాత ప్లానింగ్ నోట్. నేను గర్వంగా ఇచ్చాను. ఆయన తేదీ మీద వేలు పెట్టి, సార్, రిపోర్టు జూన్ 28న ఇచ్చారు, ప్లానింగ్ నోట్ ఆగస్టు 3న రాశారు అన్నాడు. ఆర్టికల్ పిల్లాడు రివ్యూ వస్తోందని ఫైలు సర్దుతూ కొత్తది టైపు చేసి పెట్టాడు. నా మొహం చూడాలి. అప్పటి నుంచి మా ఆఫీసులో ప్లానింగ్ నోట్ మీద తేదీ వేయకుండా స్టాకు చూడటానికి ఎవడూ బయల్దేరడు. రిపోర్టు ఇచ్చాక 60 రోజుల్లో ఫైలు కట్టేసి తాళం వేస్తున్నాం. కాదంటావా ఇది మార్పు?

శిష్యురాలు: మార్పే. కానీ ఆ రివ్యూయర్‌కు దొరికింది తేదీ. ఆ నోట్‌లో రాసిన రిస్కు సరైనదేనా అని అడిగాడా?

ప్రిన్సిపల్: (కాసేపాగి) స్టాకు విలువ గురించి రెండు ప్రశ్నలు అడిగాడు. మంచి ప్రశ్నలే. ఎక్కువసేపు మాత్రం తేదీలూ సంతకాలే చూశాడు.

శిష్యురాలు: అదే నేనంటున్నది. ఐఫాక్ మన ఇన్‌స్టిట్యూట్‌ను చూసే తీరూ ఆయన మీ ఫైలు చూసిన తీరూ ఒకటే. వ్యవస్థ ఉందా, ఉంది. తేదీ ఉందా, ఉంది. యాక్షన్ ప్లాన్‌లో ఒక్కో షరతు ఎదుట ఒక్కో మెట్టు. ఆలోచిస్తున్నాం, ప్రణాళిక వేశాం, అమలు చేస్తున్నాం, సమీక్షించి మెరుగుపరుస్తున్నాం, నిలబెట్టుకుంటున్నాం. మెట్లన్నీ పని గురించే, ఫలితం గురించి ఒక్కటీ లేదు.

ప్రిన్సిపల్: ఫలితం కొలవాలంటే న్యూయార్క్ నుంచి మనిషి వచ్చి గుంటూరులో ఫైళ్లు తెరవాలి. అప్పుడు పరాయి పెత్తనం అని ముందు అరిచేది నువ్వే. పేద దేశాల్లో ఉన్న చిన్న సంస్థలకు ఈ మెట్లే దారి చూపించాయి. ఎంత చెట్టుకు అంత గాలి.

శిష్యురాలు: మనది చిన్న చెట్టు కాదుగా. అందుకే ఎస్ఏ 600 దగ్గరకు వస్తున్నాను. మీరు దాన్ని రానివ్వరని తెలుసు.

ప్రిన్సిపల్: రానీ. దాచుకునేదేం లేదు.

శిష్యురాలు: ఒక గ్రూపుంది. తల్లి కంపెనీ, కింద పది అనుబంధ కంపెనీలు. తల్లి కంపెనీ ఆడిటర్ గ్రూపు మొత్తం లెక్కల మీద సంతకం పెడతాడు. అనుబంధ కంపెనీలను వేరేవాళ్లు ఆడిట్ చేశారు. మన 2002 నాటి ఎస్ఏ 600 ప్రకారం, వాటిని నేను చూడలేదు, ఫలానా ఆడిటర్ల రిపోర్టు మీద ఆధారపడ్డాను అని రాసుకుని బాధ్యత పంచుకోవచ్చు. అంతర్జాతీయ ఐఎస్ఏ 600 అలా ఒప్పుకోదు. గ్రూపు రిపోర్టు నీదైతే బాధ్యత మొత్తం నీదే. కింది ఆడిటర్ ఏం చేస్తున్నాడో ముందే చెప్పాలి, మధ్యలో చూడాలి, ఆఖర్న అడగాలి. ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ 2024లో మన ప్రమాణాన్ని కూడా అలా మారుద్దాం అంది. వద్దంది ఎవరు? ఇన్‌స్టిట్యూట్. అంతర్జాతీయ ప్రమాణాలు తెస్తామని ఐఫాక్‌కు మాటిచ్చింది ఎవరు? ఇన్‌స్టిట్యూటే. ప్రభుత్వం వేసిన నియంత్రణ సంస్థ అంతర్జాతీయ ప్రమాణం కావాలంటుంటే, ఆ ప్రమాణం కోసం పోరాడాల్సిన సభ్య సంస్థ అడ్డం పడుకుంది. మూడో షరతు ఎదుట ఏ మెట్టు రాయాలి సార్ ఇప్పుడు?

ప్రిన్సిపల్: మెట్టు సంగతి తర్వాత. మిర్చి యార్డు పక్కన కోల్డ్ స్టోరేజీ కంపెనీ ఒకటి అనుకో. దాని ఆడిటర్ ఇక్కడి చిన్న సంస్థ, ఇద్దరు పార్ట్‌నర్లు. బస్తాకు ఎంత తరుగొస్తుందో, ఏ నెలలో ఏ రకం సరుకు బయటికెళుతుందో వాళ్లకు కొట్టినపిండి. రేపు హైదరాబాద్ గ్రూపు ఆ కంపెనీని కొంటుంది. గ్రూపు ఆడిటర్ ముంబయి పెద్ద సంస్థ. మొత్తం బాధ్యత నాదే అంటే అతనేం చేస్తాడు? ఈ గుంటూరు సంస్థ పని నేనెందుకు సరిచూడాలి, నా మనుషుల్నే పంపుతాను అంటాడు. ఐదేళ్లలో చిన్న సంస్థలకు ఆడిట్లు మిగలవు. వచ్చే కుర్రాడికి మిర్చి బస్తా వాసన కూడా తెలీదు. నాణ్యత పెరిగినట్టా?

శిష్యురాలు: ప్రభుత్వ రంగ కంపెనీలు, బ్యాంకులు, బీమా సంస్థలను ఆ ప్రతిపాదనలో మినహాయించారు. చిన్నవాళ్లకు ఎక్కువ పని వచ్చేది బ్యాంకు బ్రాంచి ఆడిట్లలోంచే, అవి అలాగే ఉంటాయి.

ప్రిన్సిపల్: ఇవాళ మినహాయించారు.

శిష్యురాలు: రేపటి భయంతో ఇవాళ్టి రంధ్రం పూడ్చొద్దా? కాఫీ డే గ్రూపులో ఏడు అనుబంధ కంపెనీల నుంచి 3,535 కోట్లు ప్రమోటరు కుటుంబానికి చెందిన సంస్థకు మళ్లాయని సెబీ తేల్చింది. డబ్బు కదిలింది అనుబంధ కంపెనీల్లో. షేర్లు కొన్నవాళ్లు చూసింది తల్లి కంపెనీ గ్రూపు లెక్కలు. ఆ షేరుదారుకు మీరు ఏం చెబుతారు? వేరే ఆడిటర్ రిపోర్టు మీద ఆధారపడ్డాం అనా?

ప్రిన్సిపల్: కింది ఆడిటర్‌ను పట్టుకో. అతనికీ లైసెన్సు ఉంది, అతని మీదా చట్టం ఉంది. తప్పు చేసినవాణ్ని వదిలి పైవాణ్ని పట్టుకోవడం ఏం న్యాయం?

శిష్యురాలు: ఇద్దర్నీ పట్టుకోమంటోంది ఆ ప్రమాణం.

(చిన్న సంస్థల బాధ నిజం. కోల్డ్ స్టోరేజీ ఉదాహరణకు శిష్యురాలి దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. అయినా చిన్నవాళ్ల ఉపాధి అన్న కారణాన్ని ఇన్‌స్టిట్యూట్ ఆడిటింగ్ ప్రమాణం పేరుతో కాకుండా, అదే పేరుతో విడిగా అడిగి ఉంటే బాగుండేది. రెంటినీ కలిపేస్తే షేరుదారు మాట వినబడకుండా పోతుంది.)

ప్రిన్సిపల్: సరే, నేను నీ పక్షాన మాట్లాడతాను ఒక్కసారి. చదువు సంగతిలో ఇన్‌స్టిట్యూట్ నాకు నచ్చని పని చేసింది. 2023 జులై నుంచి ఆర్టికల్‌షిప్ మూడేళ్లు కాదు, రెండేళ్లు. అంతర్జాతీయ విద్యా ప్రమాణం అనుభవాన్ని ఏళ్లలోనే కొలవక్కర్లేదంటోంది, నేర్చుకున్నది చూపిస్తే చాలట. దాన్నే సాకుగా తీసుకున్నారు. మొదటి ఏడు ఓచర్లు టిక్కు కొట్టడంలో పోతుంది. రెండో ఏడు ప్రశ్న అడగడం మొదలుపెడతాడు. మూడో ఏడే మనిషి ఆడిటరయ్యేది. ఆ ఏడాదినే కోసేశారు.

శిష్యురాలు: మూడో ఏడు నేను మీ దగ్గర ఏం చేశానో చెప్పనా సార్? జీఎస్టీ రిటర్నులు. పదకొండో తారీకు, ఇరవయ్యో తారీకు అని క్యాలెండర్ చూసుకుంటూ. బ్రాడీపేటలో కోచింగ్ క్లాసుకు తెల్లవారుజామున పోయి, పగలంతా ఆఫీసు, రాత్రి చదువు. స్టైఫండు బస్సు పాసుకే సరిపోయేది. రెండేళ్లు చాలు. ఆ రెండేళ్లలో నిజంగా ఆడిట్ చేయించండి.

ప్రిన్సిపల్: ఈసారి నువ్వు ఇన్‌స్టిట్యూట్ వకీలువయ్యావా?

శిష్యురాలు: కాగితం మీది మూడేళ్లకన్నా పనిలో రెండేళ్లు నయం అంటున్నాను. నా వాదన మారలేదు. నిరంతర శిక్షణకు లెక్కించే సీపీఈ గంటలూ అంతే. ప్రాక్టీసులో ఉన్నవాళ్లకు మూడేళ్లకు 120 గంటలు, అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్న అంకే. ఆదివారం సెమినార్‌లో రిజిస్టరు మీద సంతకం పెట్టి భోజనాల ముందే మాయమయ్యేవాళ్లను మీరు చూడలేదా?

ప్రిన్సిపల్: భోజనాలయ్యాక మాయమయ్యేవాళ్లను చూశాను. (నవ్వు) యూడీఐఎన్ గురించి మాట్లాడవేం? అది ఏ అంతర్జాతీయ షరతూ అడగలేదు. దొంగ సర్టిఫికెట్లు బ్యాంకులకు వెళుతున్నాయని మనమే 2019 నుంచి తప్పనిసరి చేశాం. 18 అంకెల నంబరు. మొదటి రెండు సంవత్సరం, తర్వాత ఆరు సభ్యత్వ సంఖ్య, మిగతా పది యంత్రం ఇచ్చేవి. బ్యాంకు క్లర్కు ఆ నంబరు కొట్టి చూస్తే చాలు, ఆ కాగితం నేనిచ్చిందో కాదో తెలిసిపోతుంది. నా పేరు మీద ఎవడో సీల్ చేయించుకుని టర్నోవర్ సర్టిఫికెట్లు అమ్ముకునే రోజులు పోయాయి.

శిష్యురాలు: యూడీఐఎన్‌కు నా నమస్కారం. ఇన్‌స్టిట్యూట్ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఎందుకో చెప్పనా? నిజమో కాదో చూసుకునే అవకాశాన్ని బయటివాడి చేతికి ఇచ్చింది. మిగతా వ్యవస్థలన్నిటిలోనూ మనల్ని మనమే చూసుకుంటాం. క్రమశిక్షణలోనూ అదే కావాలంటున్నాను. 2006 చట్టం ప్రకారం క్రమశిక్షణ కమిటీకి అధ్యక్షత వహించేది ఇన్‌స్టిట్యూట్ అధ్యక్షుడు గానీ ఉపాధ్యక్షుడు గానీ. 2022 సవరణ చట్టంలో ఆ కుర్చీ సభ్యుడు కాని మనిషికి ఇచ్చారు. ఐదుగురిలో ముగ్గురు బయటివాళ్లు. ఐఫాక్ ఆరో షరతు కూడా వృత్తి నైపుణ్యం పక్కన బయటి విచక్షణ ఉండాలంటోంది. ఇన్‌స్టిట్యూట్ దీన్ని చప్పట్లు కొట్టి ఆహ్వానించాల్సింది.

ప్రిన్సిపల్: పక్కన ఉండాలంది, పైన కూర్చోబెట్టమనలేదు. డాక్టరు కోసింది సరైన కోతా కాదా అన్నది కలెక్టరు తేలుస్తాడా? వర్కింగ్ పేపర్ చదవడం అందరికీ రాదు. ఎస్ఏ 230లో ఏముంది? ఫైలు ఎలా ఉండాలంటే, ఆ ఆడిట్‌తో సంబంధం లేని అనుభవజ్ఞుడైన ఆడిటర్ చూస్తే అర్థం కావాలి. అనుభవజ్ఞుడైన ఆడిటర్ అని రాశారు. ఐఏఎస్ అధికారి అని రాయలేదు.

శిష్యురాలు: అర్థం చేయించడానికి ఇద్దరు సభ్యులు ఆ కమిటీలోనే ఉంటారు సార్. అర్థమయ్యాక తీర్పు చెప్పేవాళ్లకు మన ఓట్లు అక్కర్లేకుండా ఉంటే చాలు.

ప్రిన్సిపల్: ఇద్దరు అర్థం చేయిస్తారు, ముగ్గురు ఓటేస్తారు. అకౌంటెంట్‌వి, మూడుకీ రెండుకీ తేడా నేను చెప్పాలా?

శిష్యురాలు: ఇన్నాళ్లూ లెక్క అటు తిరిగి ఉంది, సార్. అప్పుడు మీకు తేడా కనపడలేదు.

ప్రిన్సిపల్: కనపడింది కాబట్టే ఇప్పుడు భయం. అది సరే, వచ్చే నెల మళ్లీ పీర్ రివ్యూ ఉంది. ఈసారి రిస్కు గురించి అడిగే రివ్యూయర్ వస్తే, మన కోల్డ్ స్టోరేజీ ఫైలు నిలబడుతుందో లేదో ఓసారి వచ్చి చూడు. ఫీజు ఇవ్వను.